ఎనిమిదో తరగతిలో రాజీ పంచాయతీ

సోలార్ పార్కులో పలకలు పరచడం ముగిసిన రెండు మూడేళ్ళకు నన్ను కన్నడ సీమలో ఉన్న పావగడకు తాలూకా విలేకరిగా వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. మాది సరిహద్దు అవతల అచ్చయ్యే తెలుగు దినపత్రిక. అందులో పావగడకు అర పేజీ ఇచ్చేవారు. ప్రకటన వస్తే అది పావు పేజీ అయ్యేది. తాలూకా విలేకరి పని ఉదయం ఆసుపత్రిలో మొదలై, పోలీసు స్టేషను మీదుగా తాలూకా ఆఫీసులో తేలుతుంది. గాయమో, కేసో, అధికారి సంతకమో ఉంటేనే డెస్క్ దాన్ని వార్తగా ఒప్పుకుంటుంది. డెస్క్ అంటే, మేం పంపినదాన్ని జిల్లా కేంద్రంలో కూర్చుని కత్తిరించే ఉపసంపాదకులు. ఇన్నేళ్ళు ఆ కొలతతో కొలిచీ కొలిచీ, గాయం కనిపించనిచోట నాకూ ఏమీ కనిపించకుండా పోయింది.

శెనక్కాయ విత్తే రోజుల్లో ఒకనాడు బస్టాండు దగ్గర ఓబులమ్మ నన్ను ఆపింది. నిడుగల్లు కొండ కనిపించేంత దూరంలో ఉన్న ఒక ఊరి బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండేది. ఆ ఊరి పేరు రాయను, ఇందులో మనుషుల పేర్లూ మార్చాను.

"పేపరు సారూ, మా ఇస్కూల్లో ఒక పిల్ల దినామూ అన్నం కుక్కలకు ఏస్తా ఉండాది. ఒగ సారి వచ్చి సూడప్పా" అంది.

ఎవరైనా కొట్టారా అని అడిగాను. కొట్టలేదంది. తిట్టారా? తిట్టలేదు. "మాట్లాడరు, అంతే. ఆ పిల్ల కూసుంటే పక్కనోళ్ళు అన్నం తట్టలు ఎత్తుకోని లేసిపోతారు."

దెబ్బలు లేవు, ఫిర్యాదు లేదు, ఇందులో రాయడానికి ఏముందన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"దెబ్బ తగిలినాకే వస్తావా సారూ? అట్లయితే అంబులెన్సు డ్రైవరు పక్కన సీటు పట్టుకో, తొందరగా వస్తావు."

ఆ మాట గుచ్చుకునే వెళ్ళాను. అన్నం పారేస్తున్న పిల్ల నాగవేణి, ఎనిమిదో తరగతి. వాళ్ళది ఒకప్పుడు గొర్రెలు మేపిన కుటుంబం. మేపే బీళ్ళ మీదికి పలకలు వచ్చాక మందను అమ్మేశారు. తల్లి ఇప్పుడు ఆ పలకల కిందే గడ్డి కోసే కూలికి పోతుంది. ఒకరోజు బడికి అధికారి వస్తున్నాడని మాస్టారు 'సోలార్ పార్కు వల్ల లాభాలు' అని వ్యాసం రాయించాడు. మిగతా పిల్లలు కరెంటు, రోడ్డు, అభివృద్ధి అని రాశారు. నాగవేణి మాత్రం "మా గొర్రెలకు మేత పోయింది" అని రాసింది. మాస్టారు ముందుగా చదువుకోకుండా దాన్ని అధికారి ఎదుట గట్టిగా చదివేశాడు.

అదే తరగతిలో సింధు అనే అమ్మాయి ఉంది. బడి అభివృద్ధి కమిటీ అధ్యక్షుడు తిమ్మారెడ్డి ఆమెకు తాత. భూములు పార్కుకు ఇమ్మని ఊరందరినీ ఒప్పించింది ఆయనే. మరునాటి నుంచి నాగవేణితో ఎవరూ మాట్లాడకూడదని సింధు తీర్మానించింది. మాట్లాడినవాళ్ళతోనూ మాట్లాడకూడదు. తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలుంటే పది మందీ కట్టుబడ్డారు.

ఈ విద్య పిల్లలు సెల్‌ఫోన్లలో నేర్చుకున్నారని హెడ్‌మాస్టరు నాకు చెప్పాడు. అంత దూరం పోనక్కర్లేదు. భూమి ఇవ్వనని మొండికేసిన ఒక రైతును ఆ ఊరి పెద్దలు రెండేళ్ళు పెళ్ళికి పిలవలేదు, చావుకు పిలవలేదు, టీ అంగడిలో పలకరించలేదు. సింధు అప్పుడు తాత పక్కన మంచం మీద కూర్చుని ఇదంతా వింటూ ఉంది. పిల్ల బాగా చదువుతుందని పేరు. ఈ పాఠం కూడా బాగానే చదివింది.

నేను అడుగుపెట్టానని తెలియగానే కమిటీ కదిలింది. పేపరులో చెడ్డపేరు వస్తుందన్న భయం తప్ప దానికి వేరే కారణం లేదు. వాళ్ళకు తెలిసిన వైద్యం ఒకటే, రాజీ. పొలం గట్టు తగాదాల్లో రాజీకి ఒక పద్ధతుంది. తప్పు ఇద్దరికీ చెరిసగం పంచుతారు, ఇద్దరూ ఒప్పుకుంటారు, పెద్దలు టీ తాగి లేస్తారు. గట్టు తగాదాలో ఇద్దరికీ పొలం ఉంటుంది, ఇద్దరి చేతిలోనూ పార ఉంటుంది. ఇక్కడ ఒకవైపు పది మంది, ఒకవైపు ఒక్కతె అన్న సంగతి ఆ కుర్చీల్లో కూర్చున్న ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

బడి వరండాలో పిల్లలిద్దరినీ నిలబెట్టారు. తిమ్మారెడ్డి ఇద్దరినీ తప్పొప్పుకోమన్నాడు.

"నేనేం తప్పు చేసినా తాతా?" అంది నాగవేణి.

"రాసినావు కదమ్మా. ఊరు తల వంచుకునేట్ల రాసినావు."

సింధు పద్యం అప్పజెప్పినట్టు టకటకా క్షమాపణ చెప్పింది. నాగవేణి నేలచూపులతో ఏదో గొణిగింది. పెద్దలు చాలన్నారు. అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. ఇద్దరినీ చేతులు కలపమని ఫోటో తీశాను. ఫోటో అయిపోగానే సింధు చేతిని లంగాకు తుడుచుకుంది. అది చూసి కూడా 'మనస్పర్ధలు వీడి ఒక్కటైన విద్యార్థినులు' అని శీర్షిక పెట్టి, పేర్లతో సహా పంపాను. చిన్నపిల్లల గొడవల్లో పేర్లు రాయకూడదని కొత్త విలేకరులకు నేర్పేవాణ్ణి నేనే. డెస్క్ మెచ్చుకుంది. ఎప్పుడూ ఒక్క కాలమ్ ఇవ్వనివాళ్ళు మూడు కాలమ్‌లు ఇచ్చారు.

హెడ్‌మాస్టరు ఆ కటింగును నోటీసు బోర్డుకు అతికించాడు. నాలుగో రోజుకు ఫోటోలో నాగవేణి కళ్ళు రెండూ బాల్‌పెన్నుతో పొడిచి ఉన్నాయి. హెడ్‌మాస్టరు వెంటనే స్పందించాడు. కొత్త కటింగు తెప్పించి, దానికి ప్లాస్టిక్ కవరు తొడిగాడు.

పది మంది మౌనం అట్లాగే సాగింది. ఇప్పుడు దానికి ఒక మాట తోడైంది. "తప్పు చేసినానని పేపర్లోనే ఒప్పుకున్యావు కదే" అని ఎవరో ఆమె నోటుపుస్తకంలో రాసిపెట్టారు. మరునాటి నుంచి నాగవేణి బడికి రాలేదు. వారం చూసి, తనతోపాటు గడ్డి కోతకు తీసుకుపోతానని తల్లి మేస్త్రీకి చెప్పింది. హాజరుపట్టీలో ఆ పేరు కొట్టేయడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. తొందరపడకూడదని, పిల్ల తనంతట తనే సర్దుకుంటుందని కమిటీ అభిప్రాయపడింది.

ఓబులమ్మ తొందరపడింది. బడి ముగిశాక నేరుగా నాగవేణి ఇంటికి పోయింది. చదువు గురించి ఎత్తనే లేదట. "నాకు భుజం నొప్పిగా ఉండాది. నాలుగు దినాలు వచ్చి గరిట పట్టుకోమ్మే. తరగతిలో కూసుంటావో, మానుతావో నీ ఇష్టం" అందట. తల్లి ఒప్పుకుంది.

ఆ తరువాతి భోజనం బెల్లుకు సాంబారు బకెట్టు దగ్గర నాగవేణి నిలబడింది. ఓబులమ్మ ఒక నియమం పెట్టింది. తట్ట చాపితే పడదు, ఎంత కావాలో నోటితో చెప్పాలి. "నాకు కండ్లు మసక, మూగసైగలు కనపడవు. వడ్డించే పిల్లను పేరు పెట్టి పిలిచి అడగండి" అంది. ఆ రోజుల్లో నేనూ భోజనం వేళకు పోయి, ఒక మూలన నిలబడి చూశాను. మొదటిరోజు ఆడపిల్లలు వట్టి అన్నం తిన్నారు. ఓబులమ్మ ఒక్కరినీ గదమలేదు, బతిమాలలేదు. "సాంబారు మిగిలితే గేదెలకు పోస్తాలే" అని మాత్రం అంది. మూడోరోజు, అంతకుముందు నాగవేణి పక్కన కూర్చునే భారతి తల దించుకునే "వేణీ, కొంచెం" అంది. తీర్మానం అక్కడ తెగింది. ఆ వారంలో మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. సింధు గుడ్డు ఇచ్చే రోజుదాకా ఆగింది. ఆరోజు ఓబులమ్మ గుడ్ల పళ్ళెం కూడా నాగవేణి చేతికే ఇచ్చింది. సింధు కాసేపు పళ్ళెం వైపు, కాసేపు గోడ వైపు చూసింది.

"వేణీ, గుడ్డు" అంది.

వాళ్ళు స్నేహితులు కాలేదు. కావాలని ఓబులమ్మ అడగనూ లేదు. నాగవేణి పక్కన భారతి కూర్చుంది. అన్నం కుక్కలకు పోవడం ఆగింది. తల్లి మేస్త్రీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది.

కమిటీకి ఇప్పుడు తీరిక దొరికింది. విద్యార్థినితో పని చేయించినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఓబులమ్మకు కన్నడంలో నోటీసు ఇచ్చారు. నెల రోజులు ఒక పిల్లను వెలివేస్తే ఒక్క కాగితం పుట్టని ఆఫీసులో, సాంబారు గరిటకు మాత్రం ముద్ర, తేదీ, మూడు సంతకాలు పుట్టాయి. జవాబు రాయమని ఆమె నా దగ్గరికి తెచ్చింది. ఏం రాయమంటావన్నాను.

"పని సేయించలే, మాట్లాడించినా అని రాయి సారూ. ఇంగేమీ కలపాకు. నువ్వు కలిపితే ఫోటో అయితాది."

అంతే రాశాను. దాన్ని ఫైలులో పెట్టి మరిచిపోయారు. బడికి పోయి, ప్లాస్టిక్ కవరుతో సహా ఆ కటింగును నేనే పీకి చించాను. జరిగింది పేర్లు లేకుండా రాసి పంపితే డెస్క్ తిప్పి పంపింది. గాయాలు లేవన్నారు. నాగవేణి ఆ బడిలోనే చదివి పదో తరగతి పాసయింది. అది కూడా వార్త కాలేదు.

తరువాత మిగిలిన ఉద్యోగ కాలంలో ఏ బడి నుంచి ఇట్లాంటి ఫిర్యాదు వచ్చినా, ఎవరు కొట్టారని అడగడం మానేశాను. భోజనం దగ్గర ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటున్నారని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పిన హెడ్‌మాస్టరు నాకొక్కరూ తగల్లేదు. జవాబు తెలియని వంటామె కూడా తగల్లేదు.