ఎవరి ఎడమ?

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా నాన్న నవ్వుతారు. నాలుగేళ్ల కిందటి సంగతికి అంత పెద్ద మాట ఎందుకంటారు. కానీ మనిషి సిగ్గుపడిన రోజులు తొందరగా పాతబడిపోతాయని నా అనుభవం, కాబట్టి ఆ రోజుల్లోనే అంటాను. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు. నిమిషాల వారీగా పట్టిక వేస్తే లోకంలో లొంగని పనంటూ ఉండదని గట్టి నమ్మకం. ఇడ్లీకి పప్పు ఎప్పుడు నానబెట్టాలో కూడా పట్టిక వేసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. (అమ్మ దాని మీద పాలతని ఫోన్ నంబరు రాసుకుంది.)

అలాంటి నన్ను, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే పథకం రాయమన్నారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్క సాతంరాయి దగ్గర, బెంగళూరు రోడ్డుకి కాస్త లోపలికి, ఒకప్పుడు విత్తనాల బస్తాలు నిలవ చేసిన షెడ్డులో మా కంపెనీ. మొత్తం తొమ్మిది మందిమి. నెత్తి మీదుగా విమానం దిగుతున్నప్పుడల్లా మాట సగంలో ఆపి, అది పోయాక మిగతా సగం చెప్పుకునేవాళ్లం. మా పని ఏమిటంటే, ఇద్దరు మనుషులు కూర్చున్న వ్యోమనౌక భూమి చుట్టూ తిరుగుతున్న ఒక చిన్న స్టేషన్‌ని (అత్తాపూర్‌లో మా ఫ్లాటు హాలూ వంటగదీ కలిపితే ఎంతో అంత) చేరుకుని, దాని ద్వారానికి తన ద్వారం ఆనించి అతుక్కోవాలి. దాన్నే డాకింగ్ అంటారు. ఆ చివరి నాలుగు గంటలకీ పథకం రాసి, నేల మీద నమూనాలతో చేసి చూపించాలి. చూడటానికి పైనుంచి ఒక కమిటీ వస్తుంది. నచ్చితే అసలు పని మాకే. నచ్చకపోతే షెడ్డుకి తాళం. ఈ రెండో సంగతి మాస్టారు మొదటిరోజే చెప్పారు గానీ నేను దాన్ని పట్టికలో వేయలేదు.

మాస్టారంటే మా కంపెనీ పెద్ద. కాకినాడ వైపు మనిషి. రిటైరయ్యేదాకా ఉపగ్రహాల మీద పనిచేసి, డెబ్బయికి దగ్గరపడ్డాక ఈ షెడ్డు తెరిచారు. "మనుషుల్లేని డబ్బాలు చాలా పంపానమ్మాయ్. పోయేలోపు మనిషి కూర్చున్నది ఒకటి చూడాలి" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వేవారు, ఆ వెంటనే కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. నేను దాన్ని ముసలివాళ్ల అలవాటు అనుకునేదాన్ని.

స్టేషన్ నమూనా దగ్గర ఉండే మనిషిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. శంషాబాద్ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. విమానం వచ్చి ఆగగానే దాని తలుపు దగ్గరికి నడవాను మెల్లగా జరిపి అతికిస్తారే, ఆ పనిలోనే జుట్టు నెరిసిపోయింది ఆయనకి. మాస్టారు వెతికి వెతికి ఆయన్ని తెచ్చుకున్నారు. నౌక నడపడానికి మాత్రం పథకం గురించి ఏమీ తెలియని కొత్త మనిషి ఉండాలని కమిటీ షరతు పెట్టింది. పుస్తకం స్పష్టంగా ఉందో లేదో అప్పుడే తెలుస్తుందట. కాబట్టి మా కంపెనీ కారు నడిపే అన్ననే కూర్చోబెట్టాం. ఆయన దగ్గర్లోని కందుకూరు నుంచి రోజూ వచ్చేవాడు. గేదెల మందలోంచి కూడా హారన్ కొట్టకుండా కారు తీసుకురాగల స్థిమితం ఆయనది. ఆయన పక్క సీట్లో కూర్చుని పుస్తకం చదివి వినిపించే రెండో వ్యోమగామిని నేనే. (ఈ సంగతి అమ్మ అపార్టుమెంటంతా చెప్పింది. కింద ఇంటి ఆంటీ వచ్చి, అక్కడికి వెళ్లేటప్పుడు స్వెట్టరు తీసుకెళ్లమంది.)

నా పుస్తకం అరవై రెండు పేజీలు. నౌక నమూనా ఫైబరుతో చేసిన పెద్ద డ్రమ్ములా ఉండేది. కింద గాలి ఊదే దిమ్మలుండటం వల్ల, అద్దంలా చదును చేసిన నేల మీద వెంట్రుకవాసి ఎత్తులో తేలేది. పక్కల గొట్టాల్లోంచి గాలి కొట్టి దాన్ని జరపాలి. బ్రేకులుండవు. ఒకసారి కదిలిందంటే ఎదురుగాలి కొట్టి ఆపాల్సిందే. నౌక ముందున్న కెమెరా చూపించే తెర చూసుకుంటూ అన్న నాలుగైదుసార్లు చక్కగా అతికించాడు. "పార్కింగే గద మేడం" అన్నాడు. కానీ కమిటీ ఇంకో పరీక్ష కూడా అడిగింది. కెమెరా పాడైతే ఏం చేస్తారో చూపించాలి. అప్పుడు స్టేషన్‌లో ఉన్న ఉస్తాద్ రేడియోలో ఇటు, అటు అని చెబుతుంటే, లోపల ఉన్నవాళ్లు బయటికి చూడకుండా నడపాలి. దాన్ని సాధన చేయడానికి పట్టికలో ఖాళీ లేదు. పుస్తకంలో అంతా ఉందని నా ధీమా.

కమిటీ వచ్చే ముందురోజు ఉస్తాద్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బేటీ, ఎడమ అంటే నేను పైలట్ ఎడమే చెప్పాలె గద? విమానాల కాడ గట్లనే అలవాటు నాకు" అన్నాడు. నేను తలెత్తకుండానే, "అలవాటు ప్రకారం కాదు ఉస్తాద్, పుస్తకం ప్రకారం చెప్పండి. పదిహేడో పేజీ చూడండి" అన్నాను. పదిహేడో పేజీలో, ఎడమ అంటే స్టేషన్‌కి ఎడమ అని రాసి ఉంది. ఆయన చదువుకుని, సరే బేటీ అని వెళ్లిపోయాడు. నడిపేవాళ్ల భాగం నలభై ఒకటో పేజీలో మొదలవుతుంది. అది నేను ఇంకో వారం, ఇంకో ఉత్సాహంలో రాశాను. అందులో, ఎడమ అంటే నౌకకి ఎడమ అని ఉంది. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి అవుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు అరవై రెండు పేజీలు తెలుసు.

కమిటీ వాళ్లు ముగ్గురు ఉదయం తొమ్మిదింటికి వచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఒక పెద్దావిడ. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్లని స్టేషన్ పక్కగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. ముందు టీ, సమోసాలు పెట్టిన బల్ల. అన్నా నేనూ డ్రమ్ములోకి దూరాం, తలుపు వేశారు. మొదటి రెండు గంటలూ అద్భుతంగా గడిచాయి. నేను చదవడం, అన్న మీటలు నొక్కడం, రేడియోలో మాస్టారు "బాగుంది, బాగుంది" అనడం. మూడో గంటలో అన్న నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "మేడం, గీ పుస్తకంల ఒంటికి పోయేది ఏడ రాసిన్రు?" అన్నాడు.

నేను పేజీలు తిప్పాను. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. నాలుగు గంటల్లో ప్రతి నిమిషానికీ ఒక పని ఉంది. ఒకేసారి రెండు పనులున్న నిమిషాలు కూడా ఉన్నాయి. ఆ పని మాత్రం లేదు. నీళ్లు తాగడం కూడా లేదు. "ఇంకొక్క గంట అన్నా" అన్నాను. "గంటనా" అన్నాడాయన. పొద్దున షెడ్డుకి రాగానే కంగారులో రెండు టీలు తాగాడట. ఆ సంగతి తర్వాత చెప్పాడు.

చివరి పది మీటర్లకి వచ్చాక కెమెరా ఆపేశారు. ఎదురుగా తెర నల్లబడింది. రేడియోలో ఉస్తాద్ గొంతు నింపాదిగా వచ్చింది. "ఎడమకు బెత్తెడు." నేను గట్టిగా చదివాను, ఎడమకు బెత్తెడు. అన్న ఎడమ మీట నొక్కాడు. కాసేపు ఆగి, "ఎడమకు జానెడు" అన్నాడు ఉస్తాద్. బెత్తెడు జరిపితే జానెడు ఎందుకైందో నాకు అర్థం కాలేదు. అన్న మళ్లీ నొక్కాడు. "ఎడమకు మూరెడు." ఈసారి అన్న నుదుటి మీద చెమట చూశాను. అది నౌక కోసమో, లోపలి ఇబ్బంది కోసమో తెలియలేదు. "ఎడమకే పోతున్న మేడం" అన్నాడు. తర్వాత ఉస్తాద్, "బేటీ, కితాబు ప్రకారమే చెప్పాల్నా?" అని అడిగాడు.

నా బతుకులో ఎవరైనా నన్ను కాపాడటానికి అంత మర్యాదగా చెయ్యి చాచింది అప్పుడే. నేను కమిటీ వింటోందని గుర్తుంచుకుని, గొంతు సవరించుకుని, "పుస్తకం ప్రకారమే చెప్పండి ఉస్తాద్" అన్నాను. "అచ్ఛా. ఎడమకు బారెడు" అన్నాడాయన.

ప్రమాదమంటే క్షణంలో అయిపోతుందని అనుకుంటాం. మాది చీమ నడకలా సాగింది. నౌక స్టేషన్ ద్వారం దాటి, స్టేషన్ పక్కగా, ఎవరినీ నొప్పించకుండా, కమిటీ వైపు వెళ్లింది. ఆపుదామని అన్న ఎదురుగాలి కొడితే సిలిండర్లో గాలి అయిపోయింది. బయట అందరికీ చూడటానికి, లేవడానికి, కుర్చీలు వెనక్కి జరుపుకోవడానికి కూడా తీరిక దొరికిందట. నౌక బల్లని మెత్తగా తాకేముందు కమిటీలో ఒకాయన తన టీ కప్పు తానే తీసి పట్టుకున్నాడు. సమోసాల పళ్లెం కిందపడిన చప్పుడు లోపలికి వినిపించి, నేను అది డాకింగ్ కొక్కెం పడిన చప్పుడనుకుని రేడియోలో "అతుక్కున్నాం" అని ప్రకటించాను.

తలుపు తీయగానే అన్న ఎవరి ముఖమూ చూడకుండా షెడ్డు వెనక్కి పరిగెత్తాడు. కమిటీ పెద్దావిడ అటు చూసి, నా చేతిలో పుస్తకం తీసుకుని, నిలబడే పది నిమిషాలు తిరగేసింది. కోప్పడి ఉంటే బాగుండేది. "చాలా శ్రద్ధగా రాశావమ్మా. ఇందులో నౌక ఉంది, స్టేషన్ ఉంది, గాలి లెక్కలున్నాయి. మనుషులు ఎక్కడా కనబడలేదు" అంది. మనుషులున్న నౌకకి పథకం రాయమంటే నేను రాసిన దాని గురించి ఆ మాట. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఈసారి నవ్వలేదు.

కాదని ఉత్తరం రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా నేను ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాను. తొమ్మిది మంది ఉద్యోగాలు, ఒక పెద్దమనిషి ముసలితనం, అన్నీ నా పదిహేడో పేజీకీ నలభై ఒకటో పేజీకీ మధ్య నలిగిపోయాయి. అమ్మ ఏమీ అడగకుండా అన్నం పెట్టేది. నాన్న ఒకసారి గుమ్మంలో నిలబడి, "పోనీ, పైన కాకుండా కిందే పోయింది కదమ్మా" అన్నారు. ఓదార్పు అనుకునే అన్నారు. నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఇదే నిజంగా పైన, మనుషులు కూర్చున్న నౌకలో జరిగి ఉంటే అన్న ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు మరి.

షెడ్డు ఖాళీ చేయాల్సిన రోజు సామాన్లు కట్టడానికి వెళ్లాను. మాస్టారికి ముఖం ఎలా చూపించాలో తెలియక, ఉస్తాద్ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. ఆయన స్టేషన్ నమూనా మీద దుమ్ము తుడుస్తున్నాడు. "నాదీ తప్పుంది బేటీ. విమానం తలుపు తెరిస్తే ముందు మనిషి ముఖం కనబడ్తది. గా ముఖం కోసం పనిచేసినోణ్ణి, కితాబుకు భయపడి ఊకున్న" అన్నాడు. తర్వాత జేబులోంచి రెండు రంగుల టేపు చుట్టలు తీశాడు. "ఎడమ, కుడి వద్దు. గీ దిక్కు ఎర్రది, గా దిక్కు పచ్చది. నౌకకు గట్లనే, స్టేషన్‌కు గట్లనే అంటిద్దం. ఎర్ర దిక్కు అంటే ఇద్దరికీ ఎర్ర దిక్కే." అంత మామూలు మాట నా అరవై రెండు పేజీల్లో లేదు.

లారీ రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఉస్తాద్ టేపు అంటించాడు. అన్న నౌకలోకి ఎక్కుతూ, "ముందే పోయొచ్చిన మేడం, ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. నేను పుస్తకం లేకుండా ఆయన పక్కన కూర్చున్నాను, తెర ఆపేశాం. "ఎర్ర దిక్కు బెత్తెడు" అన్నాడు ఉస్తాద్. తర్వాత, "ఎర్ర దిక్కు రెండు వేళ్లు." తర్వాత, "పచ్చ దిక్కు ఒక వేలు. ఆగు. రా, మెల్లగ రా." నెత్తి మీద విమానం వచ్చింది. దాని మోతలో ఆయన గొంతు వినిపించలేదు. అన్న మీట మీంచి చెయ్యి తీసి, ఏం చేయకుండా, ఊరికే ఆగాడు. మోత తగ్గేసరికి కొక్కెం పడిన చప్పుడు వినిపించింది. ఇది సమోసాల పళ్లెం కాదు.

తలుపులు రెండూ తెరిచాం. అప్పటిదాకా ఒక మూల కుర్చీలో కూర్చున్న మాస్టారు లేచి వచ్చి, వెనక వైపు నుంచి నౌకలోకి ఎక్కారు. మోకాళ్ల నొప్పులతోనే వంగి, పాకుతూ మమ్మల్ని దాటి, ఆ ద్వారంలోంచి స్టేషన్‌లోకి వెళ్లారు. ఉస్తాద్ చెయ్యి అందించాడు. అన్నా నేనూ వెనకే వెళ్లాం. మాస్టారు లోపల గోడకి ఆనుకుని కూర్చుని చుట్టూ చూశారు. "చిన్నదే, కానీ నలుగురం పట్టాం" అన్నారు చివరికి. లారీ హారన్ కొట్టేదాకా అలాగే కూర్చున్నాం.

మొన్న ఒక కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో, ఈ పని గురించి నా దరఖాస్తులో రాసుకున్న ఒక్క వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇది సఫలమైందా?" అని అడిగారు. ఒకసారి కాలేదు, ఒకసారి అయింది అన్నాను. అయినప్పుడు ఎవరు చూశారు అన్నారు. మేం నలుగురమే అన్నాను. వాళ్లు ముఖముఖాలు చూసుకుని ఏదో రాసుకున్నారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే, ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఆ ప్రశ్నకి ఆమె అయితే అరవై రెండు పేజీల జవాబు చెప్పి ఉండేది. ఎందుకో నవ్వొచ్చింది. కాస్త బెంగగా కూడా అనిపించింది, ఆ పిల్ల మీద.