లవ్‌బర్డు ముక్కు మీద విభూతి

భోంచేసి, చెయ్యి శుభ్రంగా కడుక్కుని, ఆ చేత్తోనే ఒట్టు వేసి మరీ రాస్తున్నాను: ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ రోజుల్లో నేను రాజాంలో పశువుల మందుల షాపులో పనిచేసేవాణ్ణి. డిగ్రీ తప్పినవాడు (ఒక్క సబ్జెక్టే తప్పాను, మిగతావి రాయలేదు) అంతకంటే ఏం చేస్తాడు? గేదెలకి మందులు అమ్ముతున్నాను గనక నన్ను నేను సగం డాక్టర్ననుకునేవాణ్ణి. శ్రీముఖలింగం దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త మాత్రం నన్ను సగం మనిషిగా కూడా చూసేది కాదు. ఆవిడ కూతుర్ని నాకిస్తుందా లేదా అన్నదే అప్పట్లో నాకున్న ఏకైక జాతీయ సమస్య.

అత్త మనసు కరిగించడానికి పంజరంతో సహా ఒక పచ్చ లవ్‌బర్డును పట్టుకెళ్లి ఇచ్చాను. కొన్నాళ్లకి దాని ముక్కు మీద తెల్లగా, బూడిద పొరలా ఏదో పేరుకుంది. కార్తీక సోమవారం గుడికి వెళ్లొచ్చిన అత్తకి అది కంటబడింది. "ముఖలింగేస్పరుడు పిట్టకి ఇబూది పెట్టీసినాడర్రా!" అని వీధి చివరిదాకా కేక వేసింది. సాయంత్రానికి పంజరానికి బంతిపూల దండ, అగరొత్తులు. మర్నాటి నుంచి పొరుగూళ్ల జనం కొబ్బరికాయలతో రావడం. అత్తతో ఏళ్లుగా మాటల్లేని తోడికోడలు సైతం ముందు వరసలో చెంపలు వేసుకుంది.

చూడ్డానికి వెళ్లిన నన్ను మరదలు పెరట్లోకి లాక్కెళ్లింది. "బావా, పిట్ట గింజ కొరకనేకపోతన్నాది. సచ్చిపోతాదేమో. ఏదోటి సెయ్యి."

"సేత్తే ఇబూది పోతాది. మీయమ్మ పిల్లనివ్వడం మాటటుంచి, గుమ్మం తొక్కనివ్వదే."

"సెయ్యకపోతే నేనే ఒప్పుకోను."

మా షాపుకొచ్చే పశువుల డాక్టరుకి సంగతి చెప్పాను. "అది విభూతి కాదురా, పురుగు. కంటికి కనపడదు. చర్మం తొలుచుకుని కాపురం పెడుతుంది" అని, వారానికో చుక్క మెడ వెనక ఈకలు విడదీసి వెయ్యమని మందిచ్చాడు. పంజరంలో కర్రలూ మార్చమన్నాడు.

"అత్తా, సామి ఇబూదైతే పెట్టినాడు గానీ, మరి అబిసేకం ఎవులు సేస్తన్నారు?" అన్నాను. అత్త మొహం పాలిపోయింది. "నిజవేరా, ఎంత అపసారం అయిపోనాది!" అంతే, ప్రతి సోమవారం జనం దణ్ణాలు పెడుతుండగా నేను మంత్రం గొణుగుతూ చుక్క వేసేవాణ్ణి. (మంత్రమంటే సీసా మీద రాసిందే: చల్లని చోట ఉంచుము, పిల్లలకు అందనీయకుము.)

కార్తీకం వెళ్లేసరికి పొర రాలడం మొదలైంది. నా పెళ్లీ దాంతోపాటే రాలిందనుకున్నాను. అత్త పంజరం అడుగున చూసి, "పెసాదం రాల్తన్నాదిరా!" అంటూ కాగితంలోకి ఊడ్చి పొట్లాలు కట్టింది. మొదటి పొట్లం సర్పంచిగారు వంగి నుదుట పెట్టించుకున్నారు. ఆ క్షణంలోనే పిట్ట టక్కుమని గింజ కొరికింది. "నీ సేతి అబిసేకానికి సామి పలికినాడు, అల్లుడా!" అంది అత్త. అంతవరకు నేను "ఒరే"నే.

అంతా నిజమే, ఒక్క సర్పంచి తప్ప. ఆయన ఆ రోజు ఊళ్లోనే లేడు. అత్త పొట్లం విప్పి "తల వంచరా" అంటే, అందులో ఉన్నదేమిటో తెలిసీ వంచినవాణ్ణి నేనే. తలుపు చాటున మరదలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఇప్పుడు తల్చుకుంటే, అప్పుడలా తల వంచిన ఆ కుర్రాడి నుదురు నేనే తుడిచి పంపాలనిపిస్తుంది. మళ్లీ వద్దులే అనుకుంటాను, తుడిస్తే మా అత్త చూసేస్తుంది.