మూడో మెట్టు

కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసులో ఆయన ఉద్యోగం చావడం. తెర మీద చెరువులోంచి లేచే చేపమనిషితో రోజంతా పోరాడి, ఆటలో తప్పెక్కడుందో రాసివ్వాలి. ఎడమ బొటనవేలు కాయ కాచింది. ఆటలో తన వీరుడికి చేపమనిషి ఈటె దిగినప్పుడల్లా "కానివ్వరా నాయనా" అని గొణుగుతాడు. ఆట ఆపితే మేనేజరు తెర మీద ఎర్రదీపం వెలుగుతుంది. అందుకని మధ్యాహ్నం తన వీరుణ్ణి గట్టు మూడో మెట్టు మీద నిలబెట్టి, అన్నం డబ్బా మూత తీస్తాడు. ఆ మెట్టు దాకా చేపమనిషి ఎక్కలేడు, కిందే మొప్పలాడిస్తూ చూస్తుంటాడు. అదీ తప్పే. ఆరునెలలుగా తెలిసీ ఆయన రాయలేదు.

కొత్తగా చేరిన అమ్మాయి రెండో రోజే దాన్ని పట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇన్నేళ్ల అనుభవం, మీ కంట పడలేదా సార్?" అన్నాడు ఆయన కన్నా చాలా చిన్నవాడైన మేనేజరు.

"లేదండీ."

"పోనీ, సరిచేశారో లేదో మీరే చూసి చెప్పండి."

మర్నాడు ఆయన వీరుణ్ణి మెట్టెక్కించాడు. చేపమనిషి కాసేపు ఎప్పట్లాగే కింద ఆగి, తర్వాత తడికాలెత్తి మూడో మెట్టు మీద పెట్టాడు. ఆయన వేలు కదపలేదు. వీరుడు కూలిపోయాక, "బాగానే ఎక్కుతున్నాడు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీయలేదు.