టి.సి. పుచ్చుకొని వెళ్ళినవారు

ఈ ప్రయాణానికి కారణం ఒక్క అక్షరం. జాంబియాలో నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన బడిలో అధికభాగం శరణార్థుల పిల్లలే. పొరుగున రొడీషియాలో యుద్ధం ముదిరినకొద్దీ మా హాజరుపట్టీ టర్ము టర్ముకూ పెరిగింది. 1980లో ఆ దేశం స్వతంత్రమై జింబాబ్వే అయింది; ఆ పిల్లలు తల్లిదండ్రులతో స్వదేశానికి తరలిపోగా పట్టీ ఒక్కసారిగా పలచబడింది. తమ దేశంలో యుద్ధం ఇంకా ఆగని అంగోలా పిల్లలు మాత్రం మిగిలారు. పదవీ విరమణ తరువాత మదనపల్లె చేరిన నన్ను, కుప్పంలోని ఉపాధ్యాయ మిత్రులు తమ చిన్న పుస్తకానికి ఈ వివరాల పట్టిక అడిగారు. రాసి పంపాను.

బుధవారం సాయంత్రం టపాలో ప్రూఫు వచ్చింది. స్వదేశం వెళ్ళిన పిల్లల గడికి బడి అలవాటున నేను 'టి.సి.' అని శీర్షిక పెట్టాను. అచ్చులో అది 'టి.బి.' అయి కూర్చుంది. అది చాలదన్నట్లు సంపాదకుడు కింద "క్షయవ్యాధి వల్ల శరణార్థుల సంఖ్య క్షీణించింది" అని ఒక వాక్యం చేర్చాడు. ఆరోగ్యంగా ఇల్లు చేరిన పిల్లలను ఇట్లా రోగులను చేయడానికి వీరికెవరు అధికారమిచ్చారు? పైగా "గురువారం పన్నెండుకు అచ్చు. తప్పులుంటే తెలుపగలరు" అని అడుగున మర్యాద ఒకటి. ఆ ప్రెస్సుకు ఫోను లేదు.

గురువారం 6.10కి మదనపల్లెలో బస్సెక్కాను. అసలు రిజిస్టరు చేసంచిలో ఉంది. పక్కన కూర్చున్న కురబలకోట గొర్రెల వ్యాపారి అడిగాడు: "యాడికప్పా, సంచి అట్ల కరుసుకోని ఉండావు?"

సంగతి చెప్పాను.

"ఒగ అచ్చరానికి కుప్పం దాకానా? గొర్రె తప్పిపోయినా నేనింత దూరం పోను సామీ."

"బాగున్న మీ గొర్రెలకు జబ్బుండాదని సంతలో ఎవడైనా చెబితే?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "వాని పంచె ఊడబీకుతా," అన్నాడు.

7.15కు పుంగనూరు. అక్కడే ఇడ్లీ తిన్నాను. ఈ దారిన వెళ్ళేవారికీ అదే మేలు, తరువాత బస్సు ఎక్కడా నిలకడగా ఆగదు. కుప్పం బస్సు 45 నిమిషాలు ఆలస్యం. ఆ సంగతి రాసుకుంటూ ఉంటే కండక్టరు, "బాగా రాసుకో సామీ, మా పెండ్లాం గూడా ఇంత లెక్క అడగదు," అన్నాడు.

పలమనేరు, వి.కోట దాటి 11.50కి కుప్పంలో దిగాను. రైల్వేస్టేషను వెనుక సందులో ప్రెస్సు. కట్టిన పేజీలు అప్పటికే మిషను మీద ఉన్నాయి.

"ఎక్కించినది దించేది లేదు సార్. సంపాదకుడు సంతకం చేసినాడు," అన్నాడు యజమాని.

నేను రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టాను. అక్షరాలు పేర్చే మస్తాన్ సాయిబు వంగి చూశాడు. "మదనపల్లె నుంచి వచ్చిన కాగితం గదా సార్. ఆ ఊరంటే మాకు టి.బి. ఆసుపత్రే గుర్తుకొస్తాది. టి. చూసినాక బి. అనే అనుకుంటి." ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టుకుంటూ పోయి, "ఈ పిల్లోళ్లంతా యాల బడి ఇడిసినారు?" అని అడిగాడు.

"ఇంటికి పోవడానికి."

"మంచిగుండే పోయినారా?"

"లారీల మీద పాడుకుంటూ పోయినారు."

సాయిబు యజమాని వైపు తిరిగాడు. "దించుదాం అన్నా. నవ్వుతా పోయినోళ్లను మనం మంచమెక్కించినాం."

యజమాని గొణిగాడు గాని అడ్డు రాలేదు. మళ్ళీ పొరబాటుకు తావివ్వకుండా 'స్వదేశానికి వెళ్ళినవారు' అని శీర్షిక పూర్తిగా పేర్చమన్నాను. గడి చాలలేదు, సాయిబు సంవత్సరాల గడిని కుదించి చోటు చేశాడు. సంపాదకుడి వాక్యం ఊడదీసి ఆ స్థానంలో నాది పేర్పించాను: "జింబాబ్వే పిల్లలు ఇల్లు చేరారు. అంగోలా పిల్లలు ఎదురుచూస్తున్నారు." 1.25కు మొదటి కాగితం నా చేతికిచ్చారు.

2.30 బస్సులో తిరుగు ప్రయాణం. సిరా ఆరలేదని కాగితాన్ని మోకాళ్ళ మీద పరుచుకున్నాను. పక్కనున్న ఆమె, "పెండ్లి పత్రికా అప్పా?" అంది.

"దాదాపు అంతే అమ్మా," అన్నాను.

హాజరు పెరగడమే బడికి గౌరవమని జీవితమంతా వాదించినవాణ్ణి. హాజరు తగ్గి గెలిచిన బడి నా ఉద్యోగంలో అదొక్కటే. ఆ గెలుపు ఇప్పుడు అచ్చులో, సరైన పేరుతో ఉంది.