పందిరి విప్పిన రాజకుమారి

నౌపడ ఉప్పుమడుల్లో రాజకుమారి పేరెత్తితే చర్చి సంఘం పెద్దలు ముందుగా ఆమె నోటి గురించి చెబుతారు. పని గురించి చెప్పరు. పెళ్లయిన నాటి నుంచి మడిలో ఉప్పు గోకి గట్టుకెత్తుతున్న మనిషి. ఆమె బాప్తిస్మం తీసుకున్నాక పక్కింటి దాలమ్మ మాట్లాడడం మానేసింది. పండగ పిండివంటలు కూడా ఆ గోడ దాటలేదు.

మొన్న వేసవిలో దాలమ్మ చీలమండ వాచి మంచమెక్కింది. ఉప్పుకు లారీ వస్తోందని షావుకారు కబురు పెడితే, ఉప్పుకుప్ప మీద వానకు కప్పిన తాటాకులు తీయించేసింది. లారీ వచ్చే రోజున ఆకు దించడం అక్కడి పద్ధతి. దించిన ఆకు పొయ్యిలోకి పోతుంది. లారీ రాలేదు. ఆదివారం మధ్యాహ్నానికి సముద్రం వైపు మబ్బు పట్టింది. దాలమ్మకు ఆ ఏటి ఉప్పంతా ఆ ఒక్క కుప్పే.

అప్పుడు ప్రార్థన మందిరం ముందు సభ జరుగుతోంది. ప్రసంగం పొరుగువారి పట్ల ప్రేమ గురించి. తుఫానుకు కప్పులెగిరిన ఇళ్లకని పట్నం సంఘం పంపిన టార్పాలిన్లను సంఘ పెద్ద చినబాబు పందిరిగా కట్టించాడు. ఇళ్లకు ఎప్పుడిస్తారని ఎవరైనా అడిగితే, పంపినవాళ్లే వచ్చి పంచితే బాగుంటుందనేవాడు. మైకు ముందు ఏ మాట దగ్గర గొంతు వణకాలో ఆయనకు బాగా తెలుసు.

రాజకుమారి నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది.

"సినబాబన్నా, ఒక టార్పాలిను ఇయ్యి. దాలమ్మ ఉప్పు తడిసిపోతాది."

చినబాబు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆవిడ మన సంఘం మనిషి కాదు కదా సిస్టర్."

"ఆ సంగతి వానకి తెల్దు."

"వాన ఆగాలని అందరం ప్రార్థన సేద్దాం. కూకో."

"మీరు సెయ్యండి. ఈలోగా నాను తాడిప్పుతాను."

విప్పింది. "ఒసే, సభ తడిసిపోతాదే" అన్నాడు చినబాబు, సిస్టర్ అనడం మరిచిపోయి.

"మీరేటి ఉప్పా, కరిగిపోడానికి?"

విశ్వాసులు కుర్చీలు నెత్తిన పెట్టుకుని మందిరంలోకి పరుగెత్తారు. కళ్లు మూసుకుని ఉన్న కొందరు, తెరిస్తే సాయం చెయ్యాల్సి వస్తుందేమోనని అలాగే మూసుకున్నారు.

కుప్ప దగ్గరికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. దాలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"నా ఉప్పు మీద మీ దేవుడి గుడ్డేటి?"

"టార్పాలిను. నోరు మూసి రాయి ఎట్టు."

మూడు కొసలకు రాళ్లు దొరికాయి. నాలుగో కొస గాలికి లేస్తుంటే చినబాబు గొడుగు వేసుకుని గట్టు మీదికి వచ్చాడు.

"కదలకు సిస్టర్. పంపినోలకి ఫొటో ఎడతాను."

"ముందా కొస పట్టుకో."

ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను. చినబాబు రెండింటినీ చూసుకున్నాడు. "సేతులు కాళీ లేవు" అన్నాడు. ఫొటో తీసుకుని, బురద అంటకుండా పంచె ఎత్తి పట్టుకుని వెళ్లిపోయాడు. పంచెకు మాత్రం చెయ్యి దొరికింది.

కొస మళ్లీ లేచింది. దాలమ్మ కర్ర వదిలేసి, వాచిన కాలు వానలోకి చాచి ఆ కొస మీదే కూలబడింది. అయినా గుడ్డ లేవడం ఆగలేదు.

"నువ్వూ కూకో. నా ఒక్కదాని బరువు సాలదు" అంది.

రాజకుమారి కూర్చుంది. వాన తగ్గేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కుప్ప అడుగున కొంత కరిగింది. మిగిలినది నిలిచింది.