నా జాబితాలో లేని వంతెన

ముందుగా, ఖచ్చితంగా తెలిసినది: హౌరా వంతెనను నట్లు, బోల్టులు లేకుండా రివెట్లతోనే బిగించారు. కోల్‌కతాలో పుట్టి పెరిగిన నేను ఈ సంగతిని పుస్తకాల్లో సరిచూసుకున్నాను. వినికిడి మాత్రమే అయినవి రెండు. రాజ్యం పోయి మా ఊరి మెటియాబ్రుజ్‌ పేటలో కాపురమున్న నవాబుకు మాంసం కొనే స్తోమత తగ్గి ఇక్కడి బిర్యానీలోకి బంగాళాదుంప వచ్చిందన్నది మొదటిది. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మా తాత, అంటే అమ్మ తండ్రి, ఆ హౌరా వంతెనకు రివెట్లు కొట్టాడన్నది రెండోది.

రెండోదాన్ని నేనే కొట్టిపారేశాను. పన్నెండేళ్ల వయసులో, తాత పింఛను కాగితంలోని పుట్టిన సంవత్సరంతో లెక్క కట్టి, వంతెన కట్టేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లేనని భోజనాల దగ్గర ప్రకటించాను. తాత చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ కథ మళ్లీ మా ఇంట్లో వినబడలేదు. ఇప్పుడు నేను నీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఆధారం లేని మాట మీద సంతకం పెట్టకపోవడమే నా ఉద్యోగం.

వాట్‌గంజ్‌లోని మా ఇంటికి ఈ మధ్య ప్రతి ఆదివారం ఒక అమ్మాయి వస్తోంది. వరంగల్ పిల్ల, సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బస్సులో అమ్మ తెలుగు విని పలకరించి, అమ్మ చేతి చేపల పులుసుకు అలవాటు పడింది. ఊళ్లో చూడవలసినవేమిటో చెప్పమని ఒకసారి నన్నడిగింది. వారం రోజులు కూర్చుని జాబితా రాసిచ్చాను. విక్టోరియా మెమోరియల్‌కు ఎండెక్కకముందే వెళ్లాలి. మ్యూజియంలో ముందు శిలాజాలు చూడాలి. శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు చలికాలం మేలు. హౌరా వంతెనను పూల మార్కెట్ వైపు నుంచి, కింద నిలబడి చూడాలి. ప్రతి స్థలం గురించీ రుజువైన సంగతులే రాశాను. ఆమె దాన్ని శ్రద్ధగా మడిచి సంచిలో పెట్టుకుని, అమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నీకేది మంచిగనిపిస్తది?"

అమ్మ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చి రిటైరైంది. "విక్టోరియా ముందర రోడ్డు ఎన్నేళ్లు ఊడిసినానో. లోపలికి మాత్రం ఎల్లలేదు. నాకు లేసే వంతెనే ఇష్టం. పద పాపా, సూపిత్తాను."

అమ్మ నన్నెన్నడూ అలా ఎక్కడికీ పిలవలేదు. పిలవకుండానే వెంట వెళ్లాను.

ఖిదిర్‌పూర్ డాక్ దగ్గర ఓడకు దారి ఇవ్వడానికి రోడ్డుతో సహా పైకి లేచే వంతెన అది. మా ఇంటి నుంచి నడిచిపోవచ్చు. రోజూ దాటేదాన్ని చూడదగ్గ స్థలమని నేననుకోలేదు. ఆ రోజు ఓడ రాలేదు. అయినా ఆ అమ్మాయి కమ్మీల మీద మోచేతులు ఆనించి, వస్తుందన్నట్టే నిలబడింది. అమ్మ భుజం ఆమె భుజానికి తగులుతోంది. నేను మూడడుగులు వెనక ఉన్నాను. ఆ దూరాన్ని కళ్లతో కొలిచాను కూడా.

"మీ నాయిన ఈడనే పని చేసిండా, పెద్దమ్మా?"

"నేదు పాపా, మునిసిపాలిటీలో. అంతకుముందు పెద్ద వంతెన కాడ. మునిసిపాలిటీ ఉజ్జోగానికి ఎల్లిన రోజున కూలోళ్ల సర్దారు సెప్పినాడట, మీసం గీసీసి రారా, ఈడు తక్కువ రాస్తారు, ఎక్కువేళ్లు పని సేసుకోవచ్చని. గీసీసినాడు. గుమాస్తా మొకం సూసి ఏదో ఏడాది రాసీసినాడు."

"ఎన్నేండ్లు తగ్గించిండు?"

"ఏటో మరి. మీసానికెన్నేళ్లు?" అని అమ్మ నవ్వింది. "ఇంటికెల్తే మాయమ్మ పోల్సుకోనేక, ఎవులు బాబూ అందట."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా తీసివేత సరైనదే; అందులో వేసిన సంఖ్యే నమ్మదగినది కాదు. సీసాలో నీళ్లు ఎవరు పట్టారో, ఎక్కడ పట్టారో తెలియకుండా నమూనా తీసుకోని నేను, ఆ సంవత్సరం ఎవరు రాశారో ఒక్కసారైనా అడగలేదు.

కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, తాత పట్ల పశ్చాత్తాపం తరువాత వచ్చింది. ముందు వచ్చింది అసూయ. ఇన్నేళ్లు ఒకే గదిలో పడుకుంటున్న నాకు అమ్మ చెప్పని సంగతి, నాలుగు ఆదివారాల పరిచయానికి దక్కింది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

అమ్మ వెనక్కి తిరగలేదు. "నువ్వు కాయితం సూసినావు కదేటి. మమ్మల్నేటైనా అడిగినావా?"

"అక్కా, ఛాయ్ తాగుదమా?" అని ఆ అమ్మాయి చటుక్కున కల్పించుకుంది. మట్టి కప్పుల్లో మొదటిది నాకే తెచ్చి ఇచ్చింది. ఆమె మంచితనం కూడా నాకు నచ్చలేదు.

ఇంటికొచ్చాక నా దగ్గరున్న జాబితా ప్రతి చివర లేచే వంతెనను చేర్చాను. ఓడ వచ్చే వేళ తెలియదని పక్కన రాశాను.

తాత నిజంగా రివెట్లు కొట్టాడా అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు లేదు. కూలీల పేర్లున్న కాగితమేదీ నాకు దొరకలేదు. పింఛను కాగితం ఇక సాక్ష్యం కాదు. తెలిసిన మనిషి అమ్మ ఒక్కతే. నేనడిగితే ఆమెకు అది పరీక్షలాగే వినబడుతుంది. ఆ అమ్మాయి అడిగితే చెబుతుంది. అడిగిపెట్టమని ఆమెను కోరడానికి నాకింకా మనసొప్పడం లేదు.