కోపంలో నొక్కిన వై

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే ఉండేది. (ఇప్పుడూ అక్కడే ఉంది. కళ్ళజోడు కూడా వచ్చి చేరింది కాబట్టి కాస్త ఇరుకుగా సర్దుకుంటోంది.) డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, నౌపడ జంక్షన్లో మా మావ నడిపే ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అంతకుముందు టెక్కలిలో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. ఊరంతా టచ్ ఫోన్లు గీకుతుంటే, అక్కడి మాస్టారు మాత్రం నల్ల తెర తెరిచి కమాండ్లు కొట్టించేవారు. అవి నోటుబుక్కులో వందేసి సార్లు రాయించేవారు కూడా. ఆయనకి నల్లతెర మాస్టారని పేరు పెట్టింది నేనే. మౌస్ కనిపెట్టాక కూడా ఈ చాకిరీ ఏమిటని ఆయన ముందే అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. అలా నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండేది.

ఉప్పుమళ్ళ పక్క ఊరు కావడంతో మా స్టూడియోలో తుప్పు పట్టని వస్తువు లేదు. ఒకరోజు మౌస్ కూడా కన్నుమూసింది. కొత్తది తెమ్మంటే మావ రేపంటాడు, ఆ రేపు వచ్చాక మళ్ళీ రేపంటాడు. నాలుగో రోజున నాకు తిక్క పుట్టింది. అసలు మౌసే అక్కర్లేదు, మొత్తం కమాండ్లతోనే చేసి చూపిస్తానని శపథం పట్టాను. (ఎవరూ అడగలేదు. శపథాలు పట్టమని నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు.)

అప్పటికి తుపాను వెళ్ళి పది రోజులైంది. భావనపాడులో ఒకావిడ పడవ ముక్కలైపోయింది. పడవ తమదేనని చూపిస్తే తప్ప సర్కారు సాయం రాదు, చూపించడానికి కాగితాలు తడిసి ముద్దయిపోయాయి, గోడకున్న ఫొటో గోడతో సహా పోయింది. ఆ పడవ కొత్తగా సముద్రంలోకి దించిన రోజున పూజకి ఫొటోలు తీసింది మా మావే కనుక, ఇక ఉన్నదల్లా మా కంప్యూటర్లోనే. మర్నాడే ఆఫీసరు ఊళ్ళోకి వస్తాడు. మధ్యాహ్నం ఆవిడ వస్తుంది, ఆ ఫొటో చూసి ఉంచు, అలాగే డి డ్రైవ్‌లో కళ్ళు మూసుకున్న ఫొటోలన్నీ తీసేసి ఖాళీ చెయ్యి అని చెప్పి మావ టీకి వెళ్ళాడు. మౌస్ ఊసెత్తలేదు.

నేను సి డ్రైవ్‌లో భావనపాడు ఫోల్డర్లోకి వెళ్ళి, లోపల ఏమున్నాయో చూపించే డిర్ కొట్టి, ఫొటోలు ఉన్నాయని చూసుకున్నాను. తర్వాత డి డ్రైవ్‌లో ఆ కళ్ళు మూసుకున్న ఫొటోలున్న చెత్త ఫోల్డర్‌కి వెళ్ళే కమాండు కొట్టాను. ఇక్కడో సంగతుంది. డ్రైవ్ మారాలంటే ముందు డి కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి ఎంటర్ నొక్కాలి. అది చెయ్యకపోతే ఆ దరిద్రపు యంత్రం తప్పని చెప్పదు, సరేనన్నట్టు ఊరుకుంటుంది, మనల్ని మాత్రం ఉన్నచోటే ఉంచుతుంది. వంద సార్లు రాసిన ముక్కే అది. రాసేటప్పుడు మాస్టారిని తిట్టుకుంటూ రాశాను కాబట్టి తిట్లు గుర్తున్నాయి, ముక్క గుర్తులేదు. డెల్ స్టార్ డాట్ స్టార్, అంటే ఉన్నవన్నీ తీసెయ్యి అని కొట్టాను. ఖాయమేనా, వై నా, ఎన్ నా అని అడిగింది. ఏ ఫోల్డరో కూడా పైనే రాసి మరీ అడిగింది. నువ్వెవరే నన్నడగడానికి అనుకుంటూ, మావ మీదున్న కోపమంతా వేలికి తెచ్చుకుని వై నొక్కాను.

మళ్ళీ డిర్ కొడితే భావనపాడు ఖాళీగా ఉంది. మౌస్‌తో తీసేస్తే చెత్తబుట్టలో అయినా దొరుకుతాయి, కమాండుతో తీసేసినవి అందులోకి కూడా వెళ్ళవు. ఎవరిని తిట్టాలో తెలియక కీబోర్డుని తిట్టాను. చివరికి సిగ్గు చంపుకుని మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి మాట, "ఏ డ్రైవ్‌లో ఉన్నావో చూసుకున్నావామ్మా?" ఆ ప్రశ్నకి ఇప్పటికీ నాకు మంటే. కంప్యూటర్ ఆపెయ్యి, ముట్టుకోకు, బస్సెక్కుతున్నాను అన్నారు.

ఆయన కంటే ముందే ఆవిడ వచ్చేసింది. కరెంటు లేదని చెబుదామనుకున్నాను. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఇక దాచి లాభం లేక, "అక్కా, నీ ఫొటోలు నేనే తీసేశాను, కోపంలో" అన్నాను.

"కోపం ఎవులి మీద?"

"మా మావ మీద."

"మరైతే మీ మావని తీసీకుండా మా పడవని తీసీసినావేటే, గుంటా?"

అప్పుడే టీ తాగి వచ్చిన మావ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిడ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆవిడ తిడితే తిరిగి తిట్టేదాన్ని. తిట్టకపోయేసరికి ఏడుపొచ్చింది.

మాస్టారు వచ్చి, తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి, ఆ నల్ల తెర మీదే గంటసేపు ఏవో కొట్టారు. నన్నొక్క మాటా అనలేదు. (అంటే బాగుండేది.) ఫొటోలు వెనక్కి వచ్చాయి కానీ పేర్లు పోయాయి, ఒట్టి అంకెలు మిగిలాయి. ఎప్పుడో తీసేసిన ఫొటోలు కూడా లేచి వచ్చి కలిసిపోయాయి. ఆవిడ చెబుతుంటే ఒక్కొక్కటీ బాణం మీటతో జరిపాను. మాకు అన్ని పడవలూ ఒకలాగే ఉన్నాయి, ఆవిడ మాత్రం ముందు కొన చూసి ఎవరిదో చెప్పేస్తోంది. ఇది మా ఆడపడుసోళ్ళది, ఇది కాదు, ఇదీ కాదు, పోనీ అంటోంది. చీకటి పడబోతుంటే ఆవిడ వేలు తెరకి తగిలి ఆగింది.

పసుపూ బంతిపూల దండలతో కొత్త పడవ. నంబరు స్పష్టంగా ఉంది. పడవ మీద చెయ్యేసి ఆవిడ భర్త. అంచున సగం తెగిపోయి ఆవిడ. చాలాసేపు చూసింది. "సూడు, ఆ సెయ్యి ఎంత పేమగా ఏసినాడో. నా మీద ఏ పొద్దూ ఎయ్యలేదు" అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "రెండు ప్రింట్లు తియ్యి. ఆఫీసరుకి పడవొక్కటే సాలు. మాకిచ్చేదాంట్లో నన్ను కూడా ఉంచు, సగమైనా" అంది.

రెండూ తీసి కవర్లో పెట్టి ఇచ్చాను. ఆ సాయంత్రం మావ మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను, రాలేదు. వై నొక్కిన ఆ పిల్ల మీద నాకింకా కోపమే. కానీ స్టూలు పక్కన కూర్చుని, ముక్కు ఎగబీల్చుకుంటూ, అక్కా ఇదా, అక్కా ఇదా అని చీకటి పడేదాకా అడిగిన పిల్లని మాత్రం, ఎంత ప్రయత్నించినా తిట్టలేకపోతున్నాను.